టేపు డ్రైవు పలకనంటే

ఒరే చిన్నా, సర్వరుకు టేపు డ్రైవు తగిలించావు. దాని ముందు పచ్చ దీపం వెలుగుతోంది, ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం అలాంటిదేదీ లేదంటోంది. అంతేగా? దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని తీసేసి మళ్లీ ఎక్కించడం కాసేపు ఆపి నా మాట విను. దీపం వెలిగిందంటే డ్రైవుకు కరెంటు అందిందని, తన ఒళ్లు తాను పరీక్షించుకుందని అర్థం. సర్వరుతో మాట కలిసిందని కాదు.

కంప్యూటరుకు కళ్లు లేవురా. బడిలో పంతులుగారు హాజరు వేసినట్టు, కంట్రోలర్ కార్డు ఒక్కో చిరునామాకూ ‘ఎంక్వైరీ’ అనే ఆదేశం పంపుతుంది. అక్కడున్న పరికరం తన తయారీదారు పేరు, మోడల్, రకం చెప్పాలి. రకాన్ని అంకెతో చెబుతుంది: డిస్కుకు 0, టేపుకు 1, సీడీ డ్రైవుకు 5, టేపులు మార్చే యంత్రానికి 8. ఆ 1 వినపడితేనే లినక్స్ దాన్ని టేపు డ్రైవర్‌కి అప్పగించి ‘ఎస్‌టీ0’ అని పేరు పెడుతుంది. అసలు పలుకే రాకపోతే డ్రైవర్ ఏం చేస్తుంది పాపం!

అందుకే సర్వరును మళ్లీ ఆన్ చేసి, కంట్రోలర్ సెటప్‌లోకి వెళ్లి అది చూపే జాబితా చదువు. అప్పటికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా లేవనే లేదు. టేపు డ్రైవు అక్కడా లేకపోతే తప్పు కేబుల్‌లోనో, కార్డులోనో, డ్రైవులోనో ఉంది. అక్కడ ఉండి లినక్స్‌లోనో విండోస్‌లోనో లేకపోతే, అప్పుడు డ్రైవర్ సంగతి చూడు.

పాత స్కజీ కేబుల్ అయితే నాకు మహా ఇష్టమైన చిక్కొకటుంది. ఒకే తీగ మీద అన్ని పరికరాలూ ఉంటాయి. ఏ రెండింటికీ ఒకే నంబరు ఉండకూడదు, 7 మామూలుగా కార్డుది. తీగ రెండు కొసల్లోనూ టెర్మినేటర్ ఉండాలి. అది లేకపోతే కొసదాకా వెళ్లిన విద్యుత్ సంకేతం అక్కడ ఇంకిపోకుండా వెనక్కి తిరిగి, ఎదురొచ్చే సంకేతాన్ని చెడగొడుతుంది. చూడ్డానికి చిన్న ముక్క, దాని వెనక ఎంత భౌతికశాస్త్రం ఉందో చూడు!

తర్వాత వచ్చిన శాస్ పద్ధతిలో ఈ బాధ లేదు. అక్కడ ముందు అనుమానించాల్సింది రెయిడ్ కార్డుని. డిస్కుల్ని జతచేయడానికే పుట్టిన అలాంటి కార్డులు చాలావరకు టేపును పట్టించుకోవు. దానికి, పరికరాన్ని ఉన్నదున్నట్టు సర్వరుకు కలిపే మామూలు హెచ్‌బీఏ కార్డు వేరుగా పెట్టాలి. ఇంకోటి, డ్రైవు ఆన్ చేశాకే సర్వరు ఆన్ చెయ్యి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా విండోస్‌లో ‘డి’, ‘ఇ’ లాంటి అక్షరంతో టేపు కనబడలేదని బెంగ పడకు. ఎల్‌టీఓ-8 రకం టేపు కార్ట్రిడ్జ్‌లో అర అంగుళం వెడల్పున 960 మీటర్ల టేపు చుట్టి ఉంటుంది. కావలసిన చోటికి దాన్ని తిప్పుకుంటూ వెళ్లాల్సిందే, డిస్కులా ఇట్టే అందదు. అందుకే బ్యాకప్ ప్రోగ్రామే దానితో మాట్లాడుతుంది. అలాగని టేపును చిన్నచూపు చూడకు: 2011లో జీమెయిల్‌లో కొందరి ఉత్తరాలు మాయమైతే గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది.

డ్రైవు పలికాక ఓ చిన్న ఫోల్డర్ టేపు మీదికి రాయి. ‘ఎస్‌టీ0’ వాడితే పని కాగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది, ‘ఎన్‌ఎస్‌టీ0’ అయితే ఉన్నచోటే ఆగుతుంది, మరిచిపోకు. రాసినదాన్ని వేరే చోటికి వెనక్కి తెచ్చి అసలుతో పోల్చి చూడు. రెండూ ఒకటైతే అసలు బ్యాకప్ మొదలుపెట్టొచ్చు.