అమెరికాలో 40 గంటలు, యూరప్‌లో 45.. ప్రైవేట్ పైలట్ లైసెన్సుల్లో తేడా ఏంటి? ఇండియాలో చెల్లుతాయా?

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి చదువు, ఉద్యోగాల కోసం అమెరికా, యూరప్ వెళ్లిన వాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ వీకెండ్‌లో సరదాగా చిన్న విమానం నడపాలంటే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ (పీపీఎల్) కావాలి. అయితే కొడుకు పైలట్ ట్రైనింగ్‌లో చేరాడంటే ఇంట్లోవాళ్లు ఇక ఉద్యోగం ఖాయం అనుకునే ప్రమాదం ఉంది. కానీ పీపీఎల్‌తో జీతానికి విమానం నడపడం కుదరదు. ఫీజు కట్టే ముందే ఈ తేడాలు తెలుసుకోవాలి.

అమెరికాలో ఎలా?

అక్కడ లైసెన్స్ ఇచ్చేది ఎఫ్ఏఏ. కనీసం 40 గంటలు విమానం నడిపి ఉండాలి. ఎఫ్ఏఏ గుర్తింపు ఉన్న కొన్ని స్కూళ్లలో 35 గంటలు చాలు. స్కూల్‌లోనే చేరాలని లేదు, సొంతంగా ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కూడా నేర్చుకోవచ్చు. రాత పరీక్ష ఒక్కటే. 60 ప్రశ్నలకు 70 శాతం మార్కులు రావాలి. ఆ తర్వాత ఎగ్జామినర్ ముందు ఓరల్, ఫ్లైట్ టెస్ట్ ఉంటాయి. రాత్రి పూట నడపడం కూడా ట్రైనింగ్‌లో భాగమే. లైసెన్స్‌కు గడువు ఉండదు కానీ, రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ తప్పనిసరి. అమెరికా పౌరులు కానివాళ్లు ట్రైనింగ్‌కు ముందే సెక్యూరిటీ క్లియరెన్స్ తీసుకోవాలి.

యూరప్‌లో ఎలా?

ఇక్కడ నిబంధనలు ఈఏఎస్ఏవి. కనీసం 45 గంటలు కావాలి. అందులో 25 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 గంటలు ఒంటరిగా నడపాలి. నిబంధనల ప్రకారం నడిచే ట్రైనింగ్ సంస్థలోనే నేర్చుకోవాలి. థియరీలో 9 సబ్జెక్టులు, ఒక్కోదానిలో 75 శాతం రావాలి. రాత్రి నడపాలంటే అదనంగా నైట్ రేటింగ్ తీసుకోవాలి. సింగిల్ ఇంజిన్ రేటింగ్‌ను రెండేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. కాస్త తేలిక దారి కావాలంటే 30 గంటల లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ లైసెన్స్ ఉంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. 2021 నుంచి ఆ దేశం ఈఏఎస్ఏలో లేదు, అక్కడి లైసెన్స్ వేరు.

రెండు చోట్లా లైసెన్స్‌కు 17 ఏళ్లు నిండాలి, మెడికల్ ఫిట్‌నెస్ ఉండాలి. ఇక ఈ 40, 45 అనేవి కనీస గంటలు మాత్రమే. చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి ఖర్చు కూడా కనీస గంటలతో లెక్కేసుకోవద్దు.

మరి ఇండియాలో?

విదేశీ లైసెన్స్ చూపించి ఇక్కడ రిజిస్టరైన విమానం నేరుగా నడపలేరు. డీజీసీఏ దగ్గర కన్వర్షన్ చేయించుకోవాలి. సొంతూరి దగ్గర దిగుదామంటే అదీ అంత ఈజీ కాదు. బసంత్‌నగర్, ఆదిలాబాద్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్‌లు ఉన్నా రెగ్యులర్ విమాన సర్వీసులు లేవు.

ఉద్యోగమే లక్ష్యమైతే కావాల్సింది కమర్షియల్ పైలట్ లైసెన్స్ (సీపీఎల్). ఇండియాలో దీనికి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్‌తో పాటు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. పీపీఎల్ ఆ దారిలో మొదటి మెట్టు మాత్రమే.

ఏది తీసుకోవాలి?

ఏ దేశంలో ఉంటారో, ఏ దేశంలో రిజిస్టరైన విమానం నడుపుతారో అక్కడి లైసెన్సే తీసుకోవడం మేలు. ఒకటి రెండేళ్లలో ఇంటికి తిరిగొచ్చే ఆలోచన ఉంటే మాత్రం, డబ్బు కట్టే ముందే డీజీసీఏ కన్వర్షన్ రూల్స్ చూసుకోవాలి.