కాలక్షేప నవలలు వ్రాసినవారు ఎవరు?

మా పాఠశాలలో చదువుచున్న బాలబాలికల తల్లిదండ్రులు మమ్ములను తరచుగా రెండు ప్రశ్నలు అడుగుచుందురు. "మా పిల్లవాడు డిటెక్టివు నవలలు చదువుచున్నాడు, చెడిపోవునేమో?" అనునది మొదటిది. "ఈ ప్రాంతములో ఉండి తెలుగు చదివిన ఏమి లాభము?" అనునది రెండవది. ఈ రెండు ప్రశ్నలకును ఒకచోటనే సమాధానము దొరకునని మాకు తోచినది. అపరాధ పరిశోధక నవలలు, వైజ్ఞానిక కల్పనలు, మాయామర్మముల కథలు వ్రాసి లెక్కకు మిక్కిలిగ పాఠకులను సంపాదించినవారు ఏ వృత్తులనుండి వచ్చిరి, ఏ భాషలో, ఏ ఊర నుండి వ్రాసిరి అని విచారించినచో విషయము తేటపడగలదు.

వైద్యుడు కాగోరువానికి వైద్యకళాశాల కలదు. న్యాయవాది కాగోరువానికి న్యాయకళాశాల కలదు. ఈ నవలాకారుల జీవితములు చూచినచో అట్టి రాజమార్గ మేదియు కానరాదు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కోనన్ డాయిల్ (1859-1930) వైద్యుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, 1882లో ఇంగ్లండు దక్షిణ తీరమున సౌత్‌సీ అను చోట వైద్యము ప్రారంభించెను. రోగులు రాని వేళలలో కథలు వ్రాసుకొనెను. ఎడింబరోలో ఆయనకు గురువైన డాక్టరు జోసెఫ్ బెల్, ఎదుటి రోగి చేతులను, నడకను, మాటతీరును గమనించి, అతని వృత్తిని, వచ్చిన చోటును చెప్పగల నేర్పరి. ఆ గురువు చూపిన పరిశీలనాశక్తియే 1887లో అచ్చయిన తొలి నవలలో హోమ్స్ రూపమున నిలిచినది.

అగాథా క్రిస్టీ (1890-1976) మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేసి, పిదప ఔషధములు కలిపి ఇచ్చు విభాగములో పనిచేసెను. ఏ మందు ఎంత మోతాదు దాటిన విషమగునో ఆమె అక్కడ నేర్చెను. 1920లో వెలువడిన ఆమె మొదటి నవలలోని హత్య విషప్రయోగముచే జరిగినదే. అమెరికాలో డాషియల్ హామెట్ చిన్నతనముననే బడి విడిచి, పింకర్టన్ డిటెక్టివు సంస్థలో ఉద్యోగము చేసెను. తాను చూచిన నేరప్రపంచమునే పిదప నవలలుగా మలచెను. రేమండ్ చాండ్లర్ చమురు సంస్థలో పెద్ద ఉద్యోగి. 1932లో ఆ కొలువు పోయిన పిమ్మట కథలు వ్రాయ నేర్చుకొని, 1939లో, ఏబదియేండ్ల వయసున, తొలి నవలను ప్రకటించెను.

మన దేశములోను ఇదే తీరు కానవచ్చును. హిందీలో 'చంద్రకాంత' వ్రాసిన దేవకీనందన్ ఖత్రీ (1861-1913) అడవుల గుత్తలు చేసిన వ్యాపారి. చకియా, నౌగఢ్ అడవులలోని పాత కోటల శిథిలములలో తిరిగిన అనుభవమే ఆయన నవలలలోని రహస్య మార్గములకు, మాయాభవనములకు మూలము. ఆ నవలను చదువుటకై ఎందరో హిందీ నేర్చుకొనిరని సాహిత్య చరిత్రకారులు వ్రాసియున్నారు. భాషను వ్యాప్తి చేయవలెనని సభలు తీర్మానించుట ఒక ఎత్తు. కథ చివర ఏమగునో తెలిసికొనవలెనను ఆతురత ఒక ఎత్తు.

ఉర్దూలో 'జాసూసీ దునియా' నవలలు వ్రాసిన ఇబ్నె సఫీ (1928-1980) అలహాబాదులో బడిపంతులుగా పనిచేసినవాడు. 1952లో కరాచీకి తరలిపోయెను. హిందీలో సుమారు 300 నవలలు వ్రాసిన సురేంద్రమోహన్ పాఠక్ ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో ఉద్యోగము చేయుచునే వాటిలో పెక్కింటిని వ్రాసెను. తెలుగున 'తులసిదళము' వంటి నవలలతో పేరొందిన యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటు. డిటెక్టివు యుగంధరుని తెలుగువారికి పరిచయము చేసిన కొమ్మూరి సాంబశివరావు తరమునాటికి తెలుగు పత్రికలు, పుస్తకములు అనేకము మద్రాసులోనే అచ్చగుచుండెను. తెలుగు నవల తెలుగుసీమలోనే పుట్టవలెనను నియమము ఏనాడును లేదు.

పరభాషా ప్రాంతములో కాపురమున్న మనకు ముఖ్యముగా తెలియవలసిన చరిత్రలు మూడు కలవు. మొదటిది శరదిందు బందోపాధ్యాయునిది (1899-1970). ఈయన బెంగాలీ రచయిత, పుట్టినది జౌన్‌పూరులో. న్యాయశాస్త్రము చదివెను. 1932లో 'సత్యాన్వేషి' బ్యోమకేశుని కథలు ఆరంభించి, 1938లో సినిమా కథలు వ్రాయుటకు బొంబాయి చేరి, 1952 నుండి పూనాలో స్థిరపడెను. చుట్టును మరాఠీ మాటలు వినబడుచుండ, ఆయన బెంగాలీలోనే వ్రాసెను.

రెండవది 'సుజాత' అను కలముపేరుతో తమిళమున వ్రాసిన ఎస్. రంగరాజన్‌ది (1935-2008). ఆయన ఇంజనీరు; బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో పనిచేసెను. మన దేశపు ఎన్నికలలో వాడు ఓటింగు యంత్రము రూపకల్పనలో ఆయనకు ముఖ్యమైన పాత్ర కలదు. పగలు యంత్రముల పని, తీరిక వేళ తమిళ నవల. కన్నడదేశములో కాపురముండి తమిళములో వ్రాసినందున ఆయన ఉద్యోగమునకు గాని, ఉద్యోగమువలన ఆయన భాషకు గాని కొరత కలుగలేదు.

మూడవది ఐజాక్ అసిమోవ్‌ది. 1923లో, మూడేండ్ల వయసున, రష్యా నుండి తల్లిదండ్రులతో అమెరికా చేరినవాడు. ఇంట మాటలాడినది యిద్దిషు భాష, వీధిలో ఇంగ్లీషు. తండ్రి న్యూయార్కులో మిఠాయి దుకాణము నడపెను. ఆ దుకాణమున అమ్మకమునకు వచ్చు చౌకబారు కథల పత్రికలను కుమారుడు ముట్టరాదని తండ్రి కట్టడి చేసెను. ఒక పత్రిక పేరులో 'సైన్సు' అను మాట ఉండుట చూపి బాలుడు అనుమతి సంపాదించెను. ఆ బాలుడే 1948లో రసాయనశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, బోస్టను విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ఆచార్యుడై, వందలాది గ్రంథములు వ్రాసెను. ఆ తండ్రి భయపడుట తప్పు కాదు. అనుమతి ఇచ్చుటయు తప్పు కాలేదు.

ఈ చరిత్రలనుండి మేము గ్రహించినవి ఇవి. వీరిలో పలువురు జీవనోపాధిని విడిచి నవలను పట్టుకొనలేదు. ఉపాధిలో నేర్చినదానినే నవలకు పెట్టుబడిగా పెట్టిరి. కనుక నవల చదివిన బాలుడు బడి విడిచిపోవునని భయపడ నక్కరలేదు. అట్లే, నవల వ్రాసి ధనవంతుడు కావలెనని చదువు మానుకొను బాలునికి కూడ ఈ చరిత్రలు మద్దతు నీయవు.

ఇక తెలుగు మాట. మన పిల్లలకు వీధిలో ఒక భాష, పై చదువులలో మరియొక భాష. తెలుగు ఇంటను, మా తరగతి గదిలోను మాత్రమే మిగిలినది. పాఠ్యపుస్తకమును మాత్రమే చదువు పిల్లలు అక్షరము అక్షరము కూడబలుకుకొనుచు చదువుటయు, బడి విడిచిన కొన్ని ఏండ్లకు అదియు మరచుటయు మేము చూచుచునే యున్నాము. చదువు వేగము వ్యాకరణ పాఠముచే రాదు. తరువాతి పుటలో ఏమి జరుగునో అని కన్ను పరుగెత్తినప్పుడే వచ్చును. ఆ పరుగును నేర్పుటలో కథను మించిన ఉపాధ్యాయుడు లేడు. ఒకసారి వేగము వచ్చిన కన్ను పిదప చరిత్రనైనను, కావ్యమునైనను చదువగలదు.

అయితే ప్రతి నవలయు ప్రతి వయసునకు తగినది కాదు. రక్తపాతము, క్షుద్రపూజలు మితిమీరిన పుస్తకములు చిన్నపిల్లల చేతికి ఇయ్యదగవు. పెద్దలు ముందుగా నాలుగు పుటలు తిరగవేసి చూచుట మేలు. నిషేధము కంటె ఎంపిక ఉత్తమము.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. రాత్రి భోజనమైన పిదప అరగంట తెలుగు పుస్తకమునకు విడువుడు. మరునాడు ఆ కథను తెలుగులోనే చెప్పుమని అడుగుడు. దోషి ఎవరో ఊహింపుమనుడు. ఇంట అవ్వ, తాత ఉన్నచో వారి ముందు చెప్పింపుడు. మీ బిడ్డ రేపు వైద్యుడగునో, ఇంజనీరగునో, దుకాణదారుడగునో మేము చెప్పజాలము. ఏ పనిలో నున్నను తాను చూచిన లోకమును తన తల్లి భాషలో చెప్పగలవాడు కావలెనని మాత్రము మేము కోరుచున్నాము.