మీకు తెలుసా? వెదురుకు విత్తనం కోసం ఎదురుచూడొద్దు

సాగర్ ఎడమ కాలువ కింద వేములపల్లి రైతు పండించే వరికి వెదురు దగ్గరి చుట్టమే. వరిలాగే అదీ గడ్డి జాతి. కానీ వరి ఏటా గింజ పెడుతుంది. ముళ్ల వెదురు మాత్రం పూతకు రావడానికి దశాబ్దాలు తీసుకుంటుంది, గింజ రాలగానే ఎండిపోతుంది.

అందుకే పెరట్లో కణుపే విత్తనం. పసుపు వెదురు ఇలా బాగా నాటుకుంటుంది. ఏడాది, రెండేళ్ల వయసున్న ఆరోగ్యమైన బొంగును తొలకరికి ముందు రెండు కణుపులు ఉండేలా కోయాలి. కన్ను చెడిపోకూడదు. కణుపుల మధ్య చిన్న రంధ్రం చేసి, బోలులో నీళ్లు నింపి, రంధ్రం మూసి, నీడలో అడ్డంగా పాతిపెట్టాలి. మట్టి తడిగా ఉంటే చాలు, నీరు నిలిస్తే కుళ్లుతుంది. చిగురు చూసి మురిసిపోయి పీకొద్దు! ఆకులు ముందొస్తాయి, వేళ్లు తర్వాత.

డ్రాయింగ్ రూములో గాజు గ్లాసులో పెరిగే ‘లక్కీ బాంబూ’ అసలు వెదురే కాదు, డ్రసీనా అనే వేరే మొక్క.

ఒకప్పుడు చట్టం దృష్టిలో వెదురు చెట్టు. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, ఆ నిర్వచనం నుంచి దాన్ని తప్పించారు. దాంతో అడవి బయట పెంచిన వెదురును కొట్టి తరలించడం తేలికైంది.