తిన్నని రోడ్డు మీద గెలిచిన బండి

స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట చేరితే మాట ఎటు తిరిగినా చివరికి ఒక అంకె దగ్గరికే వస్తుంది. నిలబడ్డ బండి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు? మన వాడుకలో చెప్పాలంటే, పికప్ ఎంత? పోర్షే గానీ ఫెరారీ గానీ కొత్త మోడల్ తెచ్చిన ప్రతిసారీ పత్రికలు ముందు అచ్చువేసింది ఈ అంకెనే. ఐదు సెకన్ల బండి నాలుగున్నరకి దిగితే అదే పెద్ద వార్త. ఇలా దశాబ్దాలు గడిచాక ఎలక్ట్రిక్ కారు వచ్చి అదే పరీక్ష రాసి, మూడు సెకన్ల లోపే ముగించి కూర్చుంది. అప్పట్నుంచీ పెట్రోలు అభిమానుల మాట మారింది. ‘అంకెల్లో ఏముందండీ, నడపడంలో ఉన్న సరదా వేరు’ అంటున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నవ్వుకోవచ్చు. కానీ ఈ ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు పుట్టుపూర్వోత్తరాలు చూస్తే, మద్దెలలోనూ కొంత లోపం ఉందనే అనిపిస్తుంది.

వేగంలో మొదట పేరు తెచ్చుకున్నది కరెంటు బండే. 1899లో పారిస్ దగ్గర్లోని అషేర్‌లో కమీ జెనాట్సీ అనే బెల్జియం దేశస్థుడు టార్పెడోలాంటి బ్యాటరీ బండిని గంటకు 105.88 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించాడు. రోడ్డు బండి వంద దాటడం అదే మొదటిసారి. ఆ బండి ఫొటో చూస్తే నవ్వొస్తుంది. గాలిని చీల్చుకుపోవాలని బండిని కొనదేలేలా చేశారు గానీ, నడిపే మనిషి నడుం పైనుంచి మొత్తం బయటే ఉన్నాడు. పోర్షే కంపెనీ మూలపురుషుడు ఫెర్డినాండ్ పోర్షే చేతి తొలి పని కూడా కరెంటు బండ్లే. 1900 పారిస్ ప్రదర్శనలో పెట్టిన ఆయన కారుకు మోటార్లు చక్రాల్లోనే అమర్చి ఉన్నాయి. తర్వాత పెట్రోలు చవకైంది. 1912లో కాడిలాక్ కారుకు చార్ల్స్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టాక, హ్యాండిల్ తిప్పి ఇంజిన్ లేపే తిప్పలూ పోయాయి. ఆ స్టార్టర్ ఒక కరెంటు మోటారు. కరెంటు బండిని మూలన కూర్చోబెట్టింది చివరికి అదే.

అది మూలనే ఉండిపోవడానికి అసలు కారణం తూకం. కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది, మన ఇంటి మీటర్లో తిరిగే యూనిట్లే. కిలో సీసం బ్యాటరీలో యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పెట్రోలు ఇంజిన్ ఆ శక్తిలో చాలాభాగాన్ని వేడిగా పారబోస్తుంది, నిజమే. పారబోయగా మిగిలింది కూడా సీసానికి అందనంత ఎక్కువ.

1990లో జనరల్ మోటార్స్ ఇంపాక్ట్ అనే నమూనా కారు చూపించింది. తర్వాత ఈవీ1గా రోడ్డెక్కింది అదే. బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను ఆ నమూనాకి రూపొందించినవాడు అలన్ కొకోని. ఆయన తర్వాత కాలిఫోర్నియాలోని శాన్ డిమాస్‌లో ఏసీ ప్రొపల్షన్ అనే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. అక్కడే 1997లో టీజీరో పుట్టింది. కిట్ కారు బాడీ, రెండే సీట్లు, లోపల సీసం బ్యాటరీలు. ఐదు సెకన్ల లోపే గంటకు 96 కిలోమీటర్లు అందుకునేది. మొత్తం మీద చేసినవి మూడే కార్లు. మూడు కార్లతో ఓ పరిశ్రమ దారి మళ్లడం యంత్రాల చరిత్రలో అరుదు.

మళ్లించింది మార్టిన్ ఎబర్‌హార్డ్ అనే ఇంజనీరు. ఈ-బుక్ యంత్రం చేసి అమ్మిన మనిషి కాబట్టి చిన్న బ్యాటరీల సంగతి బాగా తెలుసు. ల్యాప్‌టాప్‌లలో వాడే లిథియం సెల్ 18 మిల్లీమీటర్ల అడ్డం, 65 మిల్లీమీటర్ల పొడవు, చూపుడువేలంత ఉంటుంది. వాటిని వేలల్లో పేర్చి టీజీరోలో పెట్టమని ఆయన డబ్బిచ్చి మరీ ప్రోత్సహించాడు. 2003లో సుమారు 6,800 సెల్‌లు పెట్టారు. కారు బరువు రెండు క్వింటాళ్లకు పైగా తగ్గింది, పికప్ నాలుగు సెకన్ల లోపుకి వచ్చింది, ఒకసారి ఛార్జింగ్ పెడితే పోయే దూరం మూడింతలైంది. దాన్ని మార్కెట్లోకి తెండని అడిగితే కంపెనీ ఆసక్తి చూపలేదు. దాంతో ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్ కలిసి అదే ఏడాది టెస్లా మోటార్స్ పెట్టారు. ఎలాన్ మస్క్ డబ్బుతో వచ్చింది 2004లో. టెస్లా అంటే మస్క్ ఒక్కడే అనుకునేవాళ్లు ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి.

కొత్త కారుకి బాడీ ఎక్కడ దొరకాలి? ఇంగ్లండులోని లోటస్ దగ్గర. కారు బలం పెంచే ముందు బరువు తగ్గించు అన్నది ఆ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ జీవితకాలపు పట్టుదల. లోటస్ ఎలీజ్ 900 కిలోల దరిదాపుల్లో ఉండే బుల్లి పెట్రోలు కారు. తేలిక అనే మతానికి గుడిలాంటి ఆ ఇంటికే బరువైన బ్యాటరీ వచ్చి అల్లుడైంది. టెస్లా రోడ్‌స్టర్ అలా తయారైంది, 2008లో కొన్నవాళ్ల చేతికి వచ్చింది. ఎలీజ్ రూపురేఖలున్నా భాగాల్లో చాలామటుకు కొత్తవే.

రోడ్‌స్టర్ బ్యాటరీ బరువు దాదాపు 450 కిలోలు. అందులో పట్టేది 53 యూనిట్లు. అంత శక్తి ఆరు లీటర్ల పెట్రోలులో ఉంటుంది! ఆరు లీటర్లంటే మోటార్ సైకిల్ ట్యాంకులో సగం. అయినా ఆ కాస్త శక్తితోనే కారు 390 కిలోమీటర్లు పోయేది. మోటారు వృథా చేసేది అంత తక్కువ మరి. ఈ లెక్కలోనే మన కథ మొత్తం ఉంది. పొదుపులో ఎలక్ట్రిక్ మహా గట్టిది, మోతబరువులో మహా కష్టం.

రోడ్‌స్టర్‌ను ముప్పుతిప్పలు పెట్టింది మాత్రం బ్యాటరీ కాదు, గేరుబాక్సు. మొదట రెండు గేర్లు పెట్టాలనుకున్నారు, ఒకటి పికప్‌కి, ఒకటి పైవేగానికి. మోటారు ఒక్కసారిగా ఇచ్చే తోపుకి ఆ గేరుబాక్సులు తట్టుకోలేకపోయాయి. తొలి కార్లను రెండో గేరులోనే బిగించి ఇచ్చేశారు. చివరికి మోటారుకి ఎక్కువ కరెంటు అందేలా ఎలక్ట్రానిక్స్ మార్చి, ఒకే గేరుతో సరిపెట్టారు. 2012 దాకా అమ్మినవి సుమారు 2,450. రోడ్‌స్టర్ వచ్చిన పదకొండేళ్లకు, 2019లో, పోర్షే తన ఎలక్ట్రిక్ కారు టైకాన్ వెనక ఇరుసుకి రెండు గేర్లు పెట్టి చూపించింది. పాత కంపెనీల చేతిపని ఊరికే రాదు.

ఆ తోపు ఎక్కణ్నుంచి వస్తుంది? పెట్రోలు ఇంజిన్‌కి ముందు ఊపిరి కావాలి. గాలి పీల్చాలి, పెట్రోలు కలపాలి, నొక్కాలి, పేల్చాలి. చక్రాల దగ్గర బలం కనబడాలంటే ఇంజిన్ నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరగాలి. నిలబడ్డ బండిలో ఆ తిరుగుడు లేదు కాబట్టి క్లచ్, గేర్లు. మోటారులో పేలుడు లేదు, ఉన్నది అయస్కాంత క్షేత్రమే. చుట్టలో కరెంటు పారిన క్షణమే పూర్తి బలం సిద్ధం. చక్రం జారుతోందని పసిగట్టి బలం తగ్గించడం కూడా సెకనులో వందో వంతుకి మించని పని. అందుకే సిగ్నల్ దగ్గర పందెంలో కోట్ల ఖరీదు చేసే పెట్రోలు కారు కూడా కుటుంబంతో తిరిగే ఎలక్ట్రిక్ కారు కన్నా వెనకబడొచ్చు.

కొండ ఎక్కితే తేడా మరీ తెలుస్తుంది. అమెరికాలో కొలరాడోలోని పైక్స్ పీక్ పందెం 20 కిలోమీటర్లు, 156 మలుపులు, 2,862 మీటర్ల ఎత్తున మొదలై 4,302 మీటర్ల దగ్గర ముగుస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి పెట్రోలు ఇంజిన్ రొప్పుతుంది. మోటారుకి గాలితో పనిలేదు. 2018లో రొమాఁ డ్యూమా నడిపిన ఫోక్స్‌వాగన్ ఐ.డి. ఆర్ ఎలక్ట్రిక్ కారు 7 నిమిషాల 57.148 సెకన్లలో శిఖరం చేరింది. ఎనిమిది నిమిషాల లోపు చేరిన మొదటి కారు అదే. ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఆ ఎనిమిది నిమిషాలకు సరిపడా బ్యాటరీయే దానికి పెట్టారు, అందుకే దాని బరువు 1,100 కిలోల లోపు ఉంది.

హైదరాబాద్ చూసిందీ ఇలాంటి తేలిక బండ్లనే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల పందెం జరిగింది. మన దేశంలో అది మొదటిది, జాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లకు వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరై బండిని ఆపుతుంది, వచ్చిన కరెంటు బ్యాటరీకి చేరుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు దిగే ఎలక్ట్రిక్ బస్సు చేసే పని కూడా ఇదే. డ్రైవరుతో కలిపి కారు బరువు 850 కిలోల దరిదాపుల్లో, పందెం ముప్పావుగంట ప్రాంతంలో. మరుసటి ఏడాది ఆ పందెం రద్దయింది.

తేలిక ఎలక్ట్రిక్ బండి అసాధ్యమేమీ కాదన్నమాట, కాకపోతే కాసేపే పరుగెత్తాలి. షోరూంలో అమ్మే కారు 400 కిలోమీటర్లు పోవాలి. అక్కడే బరువు పడుతుంది. మజ్డా ఎం.ఎక్స్-5 అనే చిన్న పెట్రోలు స్పోర్ట్స్ కారు సుమారు టన్ను. పోర్షే 911 ఒకటిన్నర టన్ను ప్రాంతం. టైకాన్ టర్బో ఎస్ దాదాపు 2.3 టన్నులు. మలుపులో బండిని లోపలికి లాగాల్సిన బలం బరువుతో పాటే పెరుగుతుంది, టైరు పట్టు మాత్రం అదే లెక్కన పెరగదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కన్నా తక్కువే వస్తుంది. బ్యాటరీ అడుగున పరిచి ఉంటుంది కాబట్టి బండి పెద్దగా ఒరగదు, అది మేలే. కానీ ఒరగకపోవడం వేరు, తేలిగ్గా ఉండడం వేరు. పైగా పెట్రోలు కారు పరుగెత్తేకొద్దీ ట్యాంకు ఖాళీ అయి తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు అంతే. రేస్ ట్రాక్ మీద వరసగా తిప్పితే వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించేసుకుంటుంది కూడా.

ఇక అభిమానులు చెప్పే ఆ ‘సరదా’ సంగతి. మలుపు దగ్గరికొస్తోందనుకోండి. కుడికాలి ముందుభాగం బ్రేకు మీదుంది. ఎడమకాలు క్లచ్ నొక్కింది, చెయ్యి నాలుగో గేరు నుంచి మూడుకి దించుతోంది. ఆ అరసెకనులో కుడిమడమ పక్కకు వాల్చి యాక్సిలరేటర్‌ను ఒక్క తాపు తన్ని ఇంజిన్ రేస్ చేయాలి. చుట్లు సరిపోయాక క్లచ్ వదిలితే బండి కుదుపు లేకుండా మలుపులోకి జారుతుంది. లెక్క తప్పితే వెనక చక్రాలు కీచుమంటాయి. ఇది నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, ఎలక్ట్రిక్ కారులో దీనికి తావే లేదు. హ్యుండాయ్ ఈ బాధను గుర్తించింది. 2023లో వచ్చిన ఐయోనిక్ 5 ఎన్‌లో లేని గేర్లను ఉన్నట్టు నటించే ఏర్పాటు పెట్టింది. గేరు మార్చినట్టు కుదుపు వస్తుంది, స్పీకర్లలోంచి ఇంజిన్ మోత వస్తుంది. ఇదేం చోద్యం అనిపించినా, వంకలు పెట్టడమే పనిగా ఉన్న పత్రికలవాళ్లు కూడా నడిపి మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది పెళ్లి వీడియోలో రికార్డు సన్నాయి విన్నట్టుంటుంది.

అయినా ఈ శోకాలు కొత్తవి కావు. 1990ల చివర్లో పోర్షే 911 గాలితో చల్లబడే ఇంజిన్ వదిలి నీటితో చల్లబడేదానికి మారినప్పుడు, ఇక అది 911 కాదని గోల చేశారు. ఆ కారు ఇప్పటికీ అమ్ముడుపోతోంది, గాలి ఇంజిన్ పాత బండ్ల ధరలూ చుక్కలనంటాయి.

ఈ రెండు పక్షాల మధ్య నిజంగా నిలబడ్డవాడు క్రొయేషియా ఇంజనీరు మాటే రిమాట్స్. తన 1984 నాటి బీఎండబ్ల్యూ ఇంజిన్ రేసులో పోతే, దానికి మోటారు పెట్టుకుని మొదలుపెట్టాడు. ఆయన నెవెరా కారు 1,914 హార్స్‌పవర్, 412 కిలోమీటర్ల వేగం. మహీంద్రా వాళ్ల పినిన్‌ఫరీనా బటిస్టా కారులో ఉన్నవీ రిమాట్స్ మోటార్లూ బ్యాటరీలే. 150 నెవెరాలు చేస్తామన్నారు గానీ, ఇంత ఖరీదైన కార్లు కొనేవాళ్లు పెట్రోలు ఇంజినే కోరుతున్నారని 2024లో ఆయనే ఒప్పుకున్నాడు. అదే ఏడాది ఆయన చేతిలో ఉన్న బుగాటీ నుంచి టూర్‌బియాన్ వచ్చింది. అందులో 16 సిలిండర్ల, 8.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్, తోడుగా మూడు మోటార్లు.

నా తీర్పు ఇది. తిన్నని రోడ్డు మీద వాదన ముగిసింది, మోటారు గెలిచింది. ఊళ్లో ట్రాఫిక్‌లో, స్పీడ్ బ్రేకర్ల మధ్య తిరిగేవాడికి పెట్రోలు స్పోర్ట్స్ కారు శుద్ధ దండగ. మలుపుల కోసం, నడపడం కోసమే బండి కావాలనుకునేవాడికి టన్ను బరువున్న చిన్న పెట్రోలు కారుకి సాటి ఇంకా రాలేదు. బ్యాటరీ బరువు సగానికి దిగిన రోజున ఈ చివరి మాట వెనక్కి తీసుకోవాల్సిందే. అప్పటిదాకా, ఏ కారు కొనబోయినా పికప్ ఎన్ని సెకన్లని సేల్స్‌మన్‌ను అడక్కండి, అది ఆయన అడక్కుండానే చెబుతాడు. బండి ఎన్ని కిలోలో అడగండి.