ఇంట్లో ఫొటో ఎడిటింగ్‌కు కంప్యూటర్: దాతలు తెలుసుకోవలసిన విషయాలు



చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లకు, ఇల్లు వదిలి వెళ్లలేని తల్లికి ఫొటో ఎడిటింగ్ చేతికందే పని. పెళ్లి ఆల్బమ్‌లు, పాస్‌పోర్టు ఫొటోలు, చిరిగిన పాత ఫొటోలను బాగుచేయడం ఇంట్లో కూర్చునే చేయవచ్చు. పైగా నికాహ్, వలీమాల్లో ఆడవారి వైపు తీసిన ఫొటోలు నలుగురి చేతుల్లో పడటం చాలా కుటుంబాలకు ఇష్టం ఉండదు. ఆ పని నమ్మకంగా చేసిపెట్టే మహిళ ఊళ్లో ఉంటే ఆమెకు ఉపాధి, వారికి నిశ్చింత. కానీ ఒక కంప్యూటర్ కొనిచ్చినంత మాత్రాన పని నడవదు. డబ్బు దేనిమీద పెట్టాలో తెలిసి ఇస్తేనే ఆ సాయం నిలుస్తుంది.

కంప్యూటర్

రంగురంగుల లైట్ల క్యాబినెట్, ఆటలకు వాడే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఈ పనికి అవసరం లేదు. కావలసింది ర్యామ్, ఎస్ఎస్‌డి. పాస్‌పోర్టు ఫొటోలకు 8 జీబీ ర్యామ్ చాలు. ఆల్బమ్ పేజీలు చేయాలంటే 16 జీబీ ఉండాలి. 512 జీబీ ఎస్ఎస్‌డి ఉంటే ఫైళ్లు త్వరగా తెరుచుకుంటాయి. ఆఫీసుల్లో వాడి తీసేసిన మంచి కంప్యూటర్‌కు ఈ రెండూ వేయించినా పని జరుగుతుంది.

మానిటర్

పొదుపు చేయకూడనిది ఇక్కడే. 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్, కొత్తది కొనాలి. చౌక తెరల్లో తల కాస్త పక్కకు జరిపితే రంగు మారిపోతుంది. ఎస్‌ఆర్‌జీబీ రంగులను దాదాపు పూర్తిగా చూపుతుందో లేదో అడిగి తీసుకోవాలి.

కొత్త మానిటర్ వెలుగు సాధారణంగా చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ తెరమీద ఫొటో కాంతివంతంగా కనిపిస్తుంది కనుక ఎడిట్ చేసేవారు ఇంకా తగ్గిస్తారు. ప్రింటు వేస్తే ముఖాలు నల్లబడి వస్తాయి. వెలుగు తగ్గించి, ప్రింట్లు వేయించే ల్యాబ్‌లోనే నాలుగైదు ఫొటోలు వేయించి, తెరతో పోల్చి సరిచేసుకోవాలి. రంగులు సరిచూసే కొలత పరికరం ఖరీదైనది. అది ప్రతి ఇంటికీ అక్కరలేదు. సంఘం దగ్గర ఒకటి ఉంటే వంతులవారీగా వాడుకోవచ్చు.

కూర్చునే చోటు

కిటికీ తెరకు ఎదురుగానో వెనుకనో కాక పక్కన ఉండాలి. గదిలో తెల్లని దీపం వాడాలి. పసుపు బల్బు, ముదురు రంగు గోడ ఉంటే కన్ను మోసపోతుంది. తెర చేయి చాచినంత దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. 20 నిమిషాలకోసారి దూరంగా చూస్తూ కళ్లకు విశ్రాంతి ఇవ్వాలి.

కరెంటు, భద్రత

కరెంటు పోయినా ఫైలు సేవ్ చేసుకునే వ్యవధి ఇవ్వడానికి యూపీఎస్ కావాలి. ఎవరి పెళ్లి ఫొటోలైనా మళ్లీ తీయలేం. అందుకే ప్రతి పనికీ మూడు ప్రతులు ఉండాలి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడిగా ఉండే హార్డ్ డిస్క్‌లో, మరొకటి వేరే చోట.

ఆ ఫొటోలు అమానత్. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉండాలి. ఒక్క ఫొటో కూడా అనుమతి లేకుండా ఇతరుల ఫోన్లకు వెళ్లకూడదు. పని అప్పగించాక ఎన్నాళ్లు ఉంచాలో ముందే మాట్లాడుకుని, గడువు కాగానే తొలగించాలి.

దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌తో హలాల్ సంపాదన మొదలుపెట్టడం తగదు. వాటితో వైరస్‌లు వచ్చే ప్రమాదమూ ఉంది. గింప్, డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతాయి, నేర్చుకోవడానికి అవి చాలు.

దాతలకు మనవి

హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ అర్హుల సొంతం కావాలి. కనుక జకాత్ నుంచి ఇచ్చే కంప్యూటర్ వారి పేరనే ఇవ్వాలి. ఉమ్మడి ల్యాబ్‌కైతే సదఖా సొమ్ము వాడాలి. సందేహముంటే ఉలమాను అడగండి.

పది కంప్యూటర్లు ఇచ్చి వదిలేయడం కంటే మానిటర్, యూపీఎస్, విడి హార్డ్ డిస్క్, కొన్ని నెలల శిక్షణతో కలిపి నాలుగు ఇళ్లకు ఇవ్వడం మేలని మా అభిప్రాయం. ఆ నాలుగు ఇళ్లూ రేపు చేయి చాచే అవసరం లేకుండా, ఇన్షా అల్లాహ్, మరొకరికి పని నేర్పగలుగుతాయి.