గంగాళం మీద పేరు ఎవరిది?

మొన్న సంక్రాంతికి గద్వాల పోతే అవ్వ నాకొక పని అప్పజెప్పింది. "ఇల్లు మారుతున్నం గదా, ఆ గంగాళం తోమి పెట్టు. నీ పెండ్లికి నీకే ఇస్త."

ఆ ఇత్తడి గంగాళం మా ఇంట్లో నాకంటే చాలా సీనియర్. తాత మగ్గం నేసే రోజుల్లో పట్టునూలుకు రంగు అద్దింది అందులోనే. ఎండాకాలంలో నేనూ తమ్ముడూ కూర్చుని నీళ్లు చల్లుకున్నది అందులోనే. బయటంతా మసి, లోపలంతా ఏళ్ల నాటి రంగు మరక. చింతపండు, ఉప్పు, ఇటుకపొడి పట్టుకొని పొద్దున 8 గంటలకు కూర్చున్నా. మధ్యాహ్నానికి అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి.

మన ఇళ్లల్లో గిన్నెలకు పేర్లు కొట్టించడం మీకు తెలిసిందే. స్టీలు చెంబు మీద కూడా మేనత్త పేరు ఉంటుంది. కాబట్టి మా అవ్వ పేరో, ముత్తవ్వ పేరో ఉంటుందనుకున్నా. ఫోన్ టార్చ్ వేసి చదివితే మా ఇంట్లో ఎవరికీ లేని పేరు. ఒక ఆడమనిషి పేరు. దాని పక్కన 'పానగల్'. ఆ పక్కన 'వికారి'.

(ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె బిడ్డ వద్దన్నది. చదువుతూ పోతే ఎందుకో మీకే తెలుస్తుంది.)

"అవ్వా, ఇది మనది కాదా?"

అవ్వ పప్పు ఏరుతూనే చెప్పింది. "కుదువ పెట్టిన్రు. మీ తాత చీరిచ్చిండు, వాళ్లు గంగాళమిచ్చిన్రు. విడిపించుకోలే. నీళ్లల్ల మునిగిన ఊరోళ్లు, యాడికి పోయిన్రో ఏమో. మనదైపాయె."

అప్పటిదాకా అది నా పెండ్లి సామాను. ఆ మాట తర్వాత దాన్ని 'మాది' అనబుద్ధి కాలేదు.

వికారి ఏమిటో గూగుల్‌లో కొడితే 2019 అని వచ్చింది! 2019లో నేను ఇంటర్ చదువుతున్నా, గంగాళం అప్పటికే ముసలిది. తెలుగు సంవత్సరాల పేర్లు 60, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వస్తాయి. అంటే వికారి 2019లో వచ్చింది, దానికి ముందు 1959లో, ఇంకా ముందు 1899లో. మీ ఇంట్లో పాత బిందె మీద ఇట్లాంటి పేరు కనిపిస్తే 60 తీసేసుకుంటూ పోండి, ఎక్కడో ఒకచోట మీ ముత్తవ్వ పెండ్లి దగ్గర ఆగుతుంది. మాది 1959 దగ్గర ఆగింది. ఆ సంగతి తాత చిట్టా పుస్తకం దొరికాక ఖాయమైంది.

ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి పుస్తకం. అటక మీద అచ్చుపోగుల సంచిలో ఉంది. 1980లో ఒక పేజీలో తాత రాత: 'జటప్రోలు. ఫలానా ఆయన ఇంటిది. కుప్పడం చీర 1. రూ.260. ముట్టింది 120. బాకీ 140. కుదువ ఇ.గంగాళం 1.'

గద్వాల చీర సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేకనూ అంచు పేకనూ ఒకదాన్నొకటి పట్టుకునేట్టు నేసేదే కుప్పడం. మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి, అందుకే రేటు ఎక్కువ. అగ్గిపెట్టెలో పట్టే చీర అని అందరూ చెప్పుకుంటారు గానీ, మా తాతను అడిగితే "అగ్గిపెట్టెల పెడితే ఎవరు కొంటర్రా" అనేవాడు.

కుదువ పెట్టింది ఆడమనిషి. రాసింది మాత్రం ఆమె మొగుడి పేరు. 'ఇంటిది' అన్న ఒక్క మాటే ఆమె. అప్పుడు నేనిది పట్టించుకోలేదు.

జటప్రోలు ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరులో కొల్లాపూర్ బస్సు ఎక్కాను. బస్సు దిగిన ఊరు అసలు ఊరు కాదు. ఒకప్పుడు సంస్థానానికి రాజధానిగా ఉండి, ఆ తర్వాత రాజధాని కొల్లాపూర్‌కు మారినా పేరు నిలుపుకొన్న పాత జటప్రోలు నది ఒడ్డున ఉండేది. శ్రీశైలం డ్యామ్ నీళ్లు వెనక్కి తన్నడంతో అది మునిగింది. 1981లో వానలకు ముందే ఊళ్లు ఖాళీ చేయించారు. కృష్ణకు ఇటూ అటూ కలిపి వందకు పైగా ఊళ్లు, దాదాపు లక్ష మంది. మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి కొత్త ఊళ్లో కట్టారు. మంచాలకట్ట మాధవస్వామి గుడి కొల్లాపూర్‌కు వచ్చింది. రాళ్లకు నంబర్లు వేసి తెచ్చుకోవచ్చు. మనుషులకు అట్లా కాదు కదా, ఎవరికి ఎక్కడ దారి దొరికితే అక్కడికి పోయారు.

గుడి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులకు చిట్టా పేజీ ఫొటో చూపించా. ఒకాయన కండ్లజోడు పైకెత్తి "జీవో 98 పనికి వచ్చినవా బిడ్డా?" అన్నాడు.

ఆ మాట ఈ పల్లెల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. 1986లో వచ్చిన జీవో నంబర్ 98 ప్రకారం శ్రీశైలం మునకలో ఇల్లో పొలమో పోయిన కుటుంబంలో ఒకరికి సర్కారు ఉద్యోగం ఇవ్వాలి. కొందరికి వచ్చాయి. ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవాళ్లు బోలెడు మంది. ఉద్యోగం కావాలంటే ముందు నువ్వు ఫలానా నిర్వాసితుడి వారసుడివని నిరూపించుకోవాలి. అందుకే ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పరిహారం కాగితం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు. వంశవృక్షాన్ని ఇంత భద్రంగా దాచుకున్న ఊళ్లు నేను ఇంకెక్కడా చూడలేదు. దాచుకోవాల్సి వచ్చిన కారణమే మనసుకు పట్టదు.

చిట్టాలోని పేరు గల ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకులు ఇద్దరున్నారు. అర గంటలో పెద్ద కొడుకు ఇంట్లో చాయ్ తాగుతున్నా. ఇంత సులువా అనుకున్నా!

ఆయన ప్లాస్టిక్ కవరు విప్పి తండ్రి పేరు చూపించాడు, సరిపోయింది. గంగాళం ఫొటో చూపించా. దాని మీది పేరు చదివి కాసేపు మాట్లాడలేదు.

"ఇది మా అమ్మ పేరు గాదు."

వాళ్ల నాయినకు ఇద్దరు భార్యలు. పెద్దామెకు ఒక్కతే ఆడపిల్ల. కొడుకులు కావాలని రెండో పెండ్లి చేసుకున్నాడు. ఈ ఇద్దరూ రెండో ఆమె పిల్లలు. మునక వచ్చినప్పుడు పరిహారం నాయిన చేతికొచ్చింది, ఆయన చిన్న భార్యతో కొత్త ఊరికి వచ్చాడు. పెద్దామె పుట్టింటికి పోయింది. ఆ కవర్లోని సర్టిఫికెట్‌లో పెద్దామె లేదు, ఆమె బిడ్డ లేదు. నేను రెండు సార్లు చదివా.

"కుదువ నాయిన పేరు మీదనే ఉంది గద, మాకే వస్తది" అన్నాడు చిన్న కొడుకు లోపల నుంచి. "ఇత్తడి కిలో ఎంతుందిప్పుడు?" అని కూడా అడిగాడు. ఆయన్ను తప్పు పట్టలేను. ఊరు పోయి, ఉద్యోగం రాక, 50 దాటిన మనిషి. ఏదైనా వస్తుందంటే చెయ్యి చాపడా?

బస్టాండ్‌లో కూర్చుని లాయర్ ఫ్రెండ్‌కు ఫోన్ చేశా. ఆమె అడిగింది ఒక్కటే: "భార్యాభర్తల్లో ఎవరు ముందు పోయిన్రు?" 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పుట్టింటివాళ్లు ఇచ్చిన సారె పూర్తిగా ఆమె సొంతం. ఆమె తర్వాత ముందు వరసలో పిల్లలు, భర్త. భర్తే ముందు పోయి ఉంటే మొత్తం బిడ్డకే. అంటే నేనిప్పుడు ఆ బిడ్డను వెతకాలి.

వెతకడానికి మనకు యాప్‌ల కంటే ముందు నుంచీ మనుషులున్నారు. ఊరూరు తిరిగి ఇంటిపేర్లు, గోత్రాలు, తాతముత్తాతల వరస పాడే వంశరాజులు. ఆ ఇంటికి ఏటా వచ్చే పెద్దాయన నంబర్ పెద్ద కొడుకే ఇచ్చాడు. ఫోన్‌లో ఏడు తరాలు ఊపిరి తీసుకోకుండా చెప్పాడు, రికార్డ్ చేసుకున్నా. ఎంత జ్ఞాపకమో! "మరి పెద్దామె బిడ్డ?" అంటే నవ్వాడు. "ఆడపిల్ల అవుతలింటి వరసల ఉంటదమ్మా. ఆ ఇల్లు నాది గాదు."

కాగితంలో లేదు, పాటలో లేదు, మా తాత చిట్టాలోనూ లేదు. ఆమె పేరు నాకు దొరికింది గంగాళం మీదే. పక్కన ఊరు కూడా రాసి ఉంది కదా.

పానగల్ వనపర్తి జిల్లాలో ఉంది, కొండ మీద పాత కోటతో. ఇవన్నీ 2016 అక్టోబర్ దాకా ఒక్క మహబూబ్‌నగర్ జిల్లానే. ఇప్పుడు నా గంగాళం మూడు జిల్లాల కేసు. పానగల్‌లో ఒక కిరాణా కొట్టు అవ్వకు ఫొటో చూపిస్తే, పేరు చదవడం రాదు గానీ నేను చదివి వినిపించగానే "జటప్రోలుకు ఇచ్చిన పిల్ల" అన్నది. 60 ఏళ్లు దాటినా ఊళ్లో ఆమె ఇంకా 'ఇచ్చిన పిల్లే'. తమ్ముడి మనవడు దొరికాడు. నా వయసే, సెల్ షాపు. "మా మేనత్త వనపర్తిల ఉంది, నంబర్ పంపుతా ఆగండి" అన్నాడు. మూడు వారాల వెతుకులాట ఒక వాట్సాప్ కాంటాక్ట్‌గా నా ఫోన్‌లో పడింది.

వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ ఉంది, 1959లో పెట్టింది. అదీ వికారే, మన గంగాళానికి క్లాస్‌మేట్. అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు. రెండు గదుల కిరాయి ఇల్లు. పెద్దమ్మకు 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మిషన్ కుడుతుంది. ఫోన్‌లో ఫొటో పెట్టా. వేళ్లతో జూమ్ చేసి అమ్మ పేరు మీద ఆగింది.

"నా పెండ్లి చీర కోసమే పెట్టింది" అన్నది. "మెరూన్ అంచు."

చీర ఉందా అని అడిగా. లేదు. మొగుడికి ఆపరేషన్ అయినప్పుడు పాత పట్టుచీరలు కొనేవాడికి అమ్మేసింది. జరీలో వెండి ఉంటుందని కొంటారు వాళ్లు. కాల్చి వెండి తీసుకుంటారు.

ఆమె పేరు కనిపించే కాగితం ఇంకేదైనా ఉందా? ఆధార్ కాలానికి ముందే పోయింది. మొగుడు పోయిన నాలుగేళ్లకు. నిర్వాసితుల లెక్కలో తననూ అమ్మనూ రాయమని పెద్దమ్మ రెండు సార్లు అర్జీ పెట్టుకుంది. "నువ్వామె బిడ్డవని రుజువేంది అన్నరు. ఏం చూపెట్టాలె? జీవో కోసం గాదు బిడ్డా, నాకిప్పుడు ఉద్యోగమేంది. మా అమ్మ ఆ ఊర్ల కాపురం జేసిందని ఒక్క తాన రాస్తే సాలు అనుకున్న." పేరు బయట రాయొద్దన్నది అందుకే. మళ్లీ పెట్టబోయే అర్జీకి అడ్డం వస్తుందేమోనని భయం.

అప్పుడు ఒక మాట చెప్పింది. మునక అయిన ఏడాదికి అమ్మ 140 రూపాయలు కొంగున కట్టుకొని గద్వాల వచ్చిందట, గంగాళం విడిపించుకుందామని. "ఇంట్ల ఎవరూ లేరంట. ఒక పిల్లగాడు వాకిట్ల ఆడుకుంటుండంట. మా నాయిన తిర్పతికి పోయిండు, మల్ల రా అన్నడంట. లోపల గంగాళంల రంగు కాగుతుంటే తలుపుసందున కనబడ్డదంట. బస్సు చార్జీలకు రెండోసారి పైసల్లేక పోలే."

నా ఫోన్ స్పీకర్‌లో ఉంది. అవతల నాయిన వింటున్నాడు, దారి పొడుగునా అన్నీ ఆయనకు చెప్తూనే ఉన్నా. లైన్ కట్ అయిందేమో అనుకున్నా.

"ఆ పిల్లగాణ్ణి నేనే అక్కా" అన్నాడు నాయిన. "తాత వచ్చినంక చెప్పుడు మర్చిపోయిన."

పెద్దమ్మ ఫోన్‌ను చూస్తూ "చిన్నపిల్లగానివి, నీకేం ఎరుక" అన్నది. అంతకంటే ఏమీ అనలేదు. కాసేపయ్యాక మళ్లీ, "రంగు ఏం రంగుదో యాదికుందా? అమ్మ ఎర్రది అన్నది" అని అడిగింది. నాయినకు గుర్తు లేదు.

శివరాత్రి తర్వాత ఆదివారం గంగాళం ట్రాలీ ఆటోలో వనపర్తికి వచ్చింది. అవ్వ రానన్నది, "నలభై ఏండ్లు కాపాడిన, తీస్కపోండ్రి" అని మొహం తిప్పుకుంది గానీ ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది. జటప్రోలు పెద్ద కొడుకు కూడా వచ్చాడు, తమ్ముడు రాలేదు. తలుపులోంచి గంగాళం పట్టలేదు. ఆయనా నాయినా కలిసి పక్కకు తిప్పి, కడియాలు పట్టుకొని లోపలికి దించారు. సగం గది అదే. పెద్దమ్మ మనవరాలు అందులోకి ఎక్కి కూర్చుంది.

పెద్దమ్మ నాయిన చేతిలో 140 రూపాయలు పెట్టింది. వద్దన్నాడు, వినలేదు. "బాకీ ఉంచుకొని తీస్కుంటే అది మా అమ్మది ఎట్లయితది?" అన్నది. అంచు మీది పేరును నేను దగ్గర నుంచి ఫొటో తీసి, ఊరి పేరూ సంవత్సరమూ కనిపించేట్టు ప్రింట్ ఇచ్చా. అర్జీకి జత చేస్తానంది.

నాయిన చిట్టా వెంట తెచ్చాడు. తాత రాత కింద రెండు గీతల జాగా ఉంది. పెన్ను తీసి ముందు 'జటప్రోలు ఫలానా ఆయన ఇంటిది' అన్న చోట పైన ఆమె పేరు రాశాడు. కింద తేదీ వేసి, రూ.140 ముట్టింది, గంగాళం 1 వాపస్ అని రాసి, ఇంక్ ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచాడు.