కోడింగ్‌కి మొదటి పుస్తకం కొంటున్నారా? ముందు ఈ నాలుగు చూస్కోండి

బతుకమ్మ సెలవులకు ఊరికొచ్చాను, ఈ ఎపిసోడ్ జఫర్‌గఢ్‌లో మా ఇంట్లో కూర్చునే చేస్తున్నాను. మొన్న పొద్దున మా వాడకట్టు కాక ఒకాయన ఒక చిట్టీ పట్టుకొని వచ్చిండు. వాళ్లమ్మాయికి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈలో సీటొచ్చింది. చిట్టీలో మూడు పేర్లున్నాయి: కెర్నిఘన్, రిచీ రాసిన 'ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్', యశవంత్ కనేత్కర్ 'లెట్ అస్ సీ', బాలగురుసామి 'ప్రోగ్రామింగ్ ఇన్ ఆన్సీ సీ'.

"పత్తి పైసలు ఇంకా చేతికి రాలే కొడుకా. మూడూ కొనాల్నా, ఒక్కటి సరిపోతదా?" అన్నడు.

ఒక్కటి చాలు కాకా అన్నాను. ఆ ఒక్కటి ఎట్ల ఎంచుకోవాలి అనేదే ఈ రోజు టాపిక్.

ముందు నా సంగతి చెప్తాను. పదో తరగతి దాకా నేను తెలుగు మీడియం. బీటెక్ ఫస్టియర్‌లో ఒక పాత పుస్తకాల షాపులో తక్కువ ధరకి సీ పుస్తకం కొన్నాను. మొదటి ప్రోగ్రామ్ అక్షరం పొల్లు పోకుండా టైప్ చేశాను. ఎర్రర్. మళ్లీ టైప్ చేశాను. మళ్లీ ఎర్రర్. స్క్రీన్ ఖాళీ చేసే లైను ఒకటుంది, దాని దగ్గరే ఆగిపోయేది. దాదాపు మూడు వారాలు, ఇంగ్లిష్ మీడియం వాళ్లకి వస్తుంది, నాకు రాదు అనే అనుకున్నాను. బ్రాంచ్ మారుదామని ఇంట్లో అడిగాను కూడా. చివరికి ఒక సీనియర్ చూసి నవ్విండు: "తప్పు నీది కాదురా, ఆ పుస్తకం టర్బో సీ కోసం రాసింది."

అందుకే మొదట చూడాల్సింది ఇదే: పుస్తకం ఏ కంపైలర్ కోసం రాశారు? టర్బో సీ 1987లో వచ్చింది, డాస్ కాలం సాఫ్ట్‌వేర్. నన్ను ఆపిన ఆ లైను అసలు సీ ప్రమాణంలోనే లేదు, ఆ కంపెనీ సొంతంగా ఇచ్చిన సౌకర్యం అన్నమాట. ఇంకో తేడా చూడండి. టర్బో సీలో 'ఇంట్' అంటే 2 బైట్లు, అందులో పట్టే పెద్ద సంఖ్య 32,767. కాక పత్తి అమ్మితే 40,000 వచ్చిందనుకోండి, దాన్ని అందులో పెట్టి ప్రింట్ చేస్తే మైనస్ 25,536 అని వస్తుంది! ఇప్పటి జీసీసీలో మామూలుగా 4 బైట్లు, 214 కోట్ల దాకా పడుతుంది. పాత పుస్తకం చూసి లెక్క నేర్చుకుని, కొత్త మెషీన్ మీద జవాబు వేరేగా వస్తే, పిల్లలు ముందు అనుమానించేది వాళ్లనే.

పైథాన్‌లోనూ ఇదే గోల. పైథాన్ 2 కి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది. ఆ పుస్తకాల్లో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకున్నా నడుస్తుంది, పైథాన్ 3లో అది ఎర్రర్. 7ని 2తో భాగిస్తే అక్కడ 3, ఇక్కడ 3.5. కాబట్టి కవర్ మీద బొమ్మ కాదు, లోపల ఎడిషన్, సంవత్సరం చూడండి.

రెండోది, ఎవరి కోసం రాశారు? కెర్నిఘన్, రిచీ పుస్తకం 1978లో వచ్చింది, రెండో ఎడిషన్ 1988. గొప్ప పుస్తకం, డౌట్ లేదు. రిచీ సీ భాషని తయారుచేసిన మనిషి. కానీ వేరియబుల్, లూప్ లాంటివి కొంచెం తెలిసినవాళ్ల కోసమే రాశామని ముందుమాటలో వాళ్లే చెప్పారు. రెండో పుస్తకంగా పెట్టుకోండి.

మూడోది, భాష. షాపులోనే లూప్స్ చాప్టర్ తీసి రెండు పేజీలు చదవండి. పుస్తకం మూసి, అందులో ఏముందో పక్కనున్నవాళ్లకి తెలుగులో చెప్పండి. చెప్పగలిగితే ఆ పుస్తకం మీది. చెప్పలేకపోతే, ఎంత మంది టాపర్లు మెచ్చుకున్నా ఇప్పటికి పక్కన పెట్టండి.

నాలుగోది, చాప్టర్ చివర మీరే రాయాల్సిన లెక్కలు ఉన్నాయా? అన్నిటికీ జవాబులు ముందే ఇచ్చేసిన గైడు పరీక్ష గట్టెక్కిస్తుంది, అంతే. ఈత పుస్తకం చదివితే రాదు కదా, బావిలో దిగాలి.

పైసలు లేకపోతే ఆగిపోకండి. సిలబస్‌లో పైథాన్ ఉన్నా, లేక సొంతంగా మొదలుపెడుతున్నా, ఆలెన్ డౌనీ 'థింక్ పైథాన్', చార్ల్స్ సెవరెన్స్ 'పైథాన్ ఫర్ ఎవ్రీబడీ' నెట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగానే దొరుకుతాయి. సిలబస్‌లో సీ ఉంటే మాత్రం సీ పుస్తకమే తీస్కోండి, రెండు భాషలు ఒకేసారి వద్దు.

సాయంత్రం కాక వాళ్లమ్మాయిని తీసుకొచ్చిండు. సీనియర్ల దగ్గర అడిగి తెచ్చిన రెండు సీ పుస్తకాలు ఆమె చేతిలో ఉన్నాయి. నా లాప్‌టాప్ ఇచ్చి, రెండింట్లోంచి మొదటి ప్రోగ్రామ్ టైప్ చేయమన్నాను. ఒకటి నడిచింది, ఒకటి ఆగింది. ఆగినప్పుడు ఆమె నా మొహం చూసి, "నేనేమన్న తప్పు కొట్టిన్నా అన్నా?" అంది.

లేదమ్మా, పుస్తకమే పాతది అన్నాను. నడిచిన పుస్తకం పట్టుకొని ఇంటికి పోయింది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఎర్రర్ చూసి నాకు రాదు అని కూర్చుంటే, ముందు ఆ పుస్తకం ఏ సంవత్సరందో తీసి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.